కుట్టేసిన ఆఖరి అధ్యాయం

నేను ఒక నవలను. ఏదో ఆషామాషీ నవలననుకునేరు! సభ పెట్టి, మైకులు కట్టి, పూలు చల్లి ఆవిష్కరించిన నవలను. ఆ రోజు శాలువా కప్పింది మాత్రం నన్ను రాసినాయనకే. నాకు చుట్టిన ఎర్ర రిబ్బను విప్పి కుర్చీ కింద పడేశారు. సరే, మనుషుల మర్యాదలు మనుషులవి.

నా పేరు ‘దేవుడు పంపిన చిట్టి’. నన్ను రాసిన కొల్లూరి సోమనాథం గారు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఒకసారి రైల్లో ఎదుటి సీట్లో డౌన్ సిండ్రోమ్ ఉన్న చిన్న పాపని చూశారట. ఆ పాప ఆయన్ని చూసి నవ్వి, తను కొరికిన బిస్కెట్టు ఆయన చేతిలో పెట్టిందట. అంతే, ఆయన కళ్ళు చెమర్చాయి. ఇల్లు చేరిన వెంటనే కలం పట్టారు. దారి పొడుగునా ఆ పాప తల్లి పక్కనే కూర్చుని ఉంది. ఆవిడతో ఒక్క మాటా మాట్లాడలేదు. అడిగితే నొచ్చుకుంటుందేమోనని ఊరుకున్నారట. అంత మర్యాదస్తుడు!

ఆయన రాసిన కథ ఇది. చిట్టి అనే పాప డౌన్ సిండ్రోమ్‌తో పుడుతుంది. తండ్రి మొహం తిప్పుకుని ఇల్లు వదిలి వెళ్ళిపోతాడు. చిట్టి అందరినీ ప్రేమిస్తూ, ఎవరేమన్నా నవ్వుతూ పెరుగుతుంది. ఆఖరి అధ్యాయంలో జ్వరం వచ్చి, నవ్వుతూనే కన్నుమూస్తుంది. ఆ మంచం దగ్గర తల్లీ తండ్రీ ఒక్కటవుతారు. రాసిన రోజు సోమనాథం గారు తనే ఏడ్చి, భార్యని పిలిచి చదివి వినిపించి ఆవిణ్ణీ ఏడిపించారు. ఇద్దరూ మొహాలు కడుక్కుని కాఫీ తాగారు.

విజయవాడలో ఒక ప్రెస్సులో పుట్టాను. కొత్త సిరా వాసన, జిగురు వాసన, యంత్రం చప్పుడు, అదీ నా బాల్యం. నా అట్ట మీద బొమ్మ వేసిన చిత్రకారుడు అలాంటి పిల్లని ఎన్నడూ చూడలేదు. చారెడేసి కళ్ళు, సన్నటి ముక్కు, భుజాలకి రెండు తెల్ల రెక్కలు పెట్టి ఒక బొమ్మలాంటి అమ్మాయిని దించేశాడు. బాగుంది బాగుంది అన్నారంతా. నేనూ మురిసిపోయాను.

సభలో ముఖ్య అతిథి గంటసేపు మాట్లాడి, “నవల ఇంకా చదవలేదు గానీ తప్పకుండా చదువుతాను” అని చప్పట్ల మధ్య కూర్చున్నారు. ఆయనే నన్ను కాకినాడ తీసుకెళ్ళి సోఫా పక్కన బల్ల మీద పెట్టారు. వేడి టీ గ్లాసు పెట్టుకోవడానికి నేను బాగా పనికొచ్చాను. చిట్టి రెక్క మీద ఇప్పటికీ ఒక గుండ్రటి మరక ఉంది. ఆయన ఇల్లు మారినప్పుడు పాత పేపర్లతో కలిపి తూకానికి వేశారు. అలా మెయిన్ రోడ్డు ఫుట్‌పాత్ మీద పోటీ పరీక్షల గైడుకీ వాస్తు పుస్తకానికీ మధ్య తేలాను. ఎండకి అట్ట వంకర తిరిగింది. ఇక నా పని అయిపోయిందనే అనుకున్నాను.

అక్కడ నన్ను చూసినవాడు గంగాధరం. బీమా ఏజెంటు. ఎవరు ముందు పోతే ఎవరికెంత అన్నది మొహమాటం లేకుండా చెప్పడం అతని వృత్తి. అట్ట వెనక నాలుగు వాక్యాలు చదివాడు. చెమట కారుతున్నా నీడలోకి జరగలేదు, మళ్ళీ మొదట్నుంచి చదివాడు. అతని కొడుకు విహారి చిట్టి లాంటివాడే.

“ఓర్నాయనో, మన పిల్లల మీద నవల రాశారే!” అన్నాడు పైకే. ఎవరితో అన్నాడో తెలీదు, పక్కన ఎవరూ లేరు. ఎవరో ఒకరు తమ గురించి రాశారన్నదానికే ఆ మనిషి బేరమాడకుండా అడిగినంత ఇచ్చేశాడు. నన్ను అంత గౌరవంగా అంతకుముందు ఎవరూ పట్టుకోలేదు.

గంగాధరం నన్ను తీసుకెళ్ళిన చోటు ఒక డాబా ఇంటి పైఅంతస్తు. అక్కడ విహారి లాంటి పిల్లలకి మాట, చదువు, చేతిపనులు నేర్పుతారు. లోపల గదిలో పిల్లలు. బయట వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లో తల్లిదండ్రులు. పాఠం అయ్యేదాకా ఏం చేస్తారు పాపం? ఆ రోజు నుంచి నన్ను చదవడం మొదలుపెట్టారు. గొంతు బాగుంటుందని చదివే పని నూర్జహాన్‌కి అప్పగించారు. ఆమె కొడుకు లోపల అక్షరాలు దిద్దుతుంటే ఆమె బయట నన్ను పైకి చదివేది. పక్కన కూర్చునే సుభాషిణి జాకెట్లు కుట్టే మనిషి. హుక్సులూ కాజాలూ వరండాలోనే పూర్తి చేసుకునేది, కాబట్టి ఆమె చెవులు నావి, చేతులు జాకెట్టువి.

విమర్శకులంటే నాకు తెలుసుననుకున్నాను. అబ్బో, ఈ వరండా ముందు వాళ్ళెంత!

“‘చిట్టికి కోపమంటే తెలియదు’ అట,” అని నూర్జహాన్ చదువుతూ ఆగింది. “మావాణ్ణి ఒక్కరోజు ఈయన ఇంటికి పంపనా? టీవీ రిమోట్ లాక్కుని చూడమనండి!”

“ఇదెక్కడి పిల్లండీ?” అంది సుభాషిణి. “ఒక్కపూటన్నా మొండికెయ్యదు, బాత్‌రూమ్‌లో గడియ పెట్టుకుని రానని కూర్చోదు, పెళ్ళికెళ్తే రెండో జాంగ్రీ అడగదు. మనమేమో పిల్లల్ని కన్నాం, ఈయన ఫోటో ఫ్రేములో దేవతని కన్నాడు.”

“మరి ఆ తల్లో? రాత్రనక పగలనక చాకిరీ చేస్తా, ఒక్కసారన్నా విసుక్కోదు,” అన్నాడు గంగాధరం. “పాలసీ చేయించాలండీ ఆవిడకి, ఎక్కువ కాలం బతకదు.”

అందరూ పడీ పడీ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నన్ను మెచ్చుకుంటూ పేపర్లో నాలుగు కాలాలు వచ్చాయి తెలుసా అని అరవాలనిపించింది. కానీ మర్నాడు మళ్ళీ నన్నే తెరిచారు. తిడుతూనే ముందుకు జరిగి కూర్చునేవారు. పేజీ తిప్పడం ఆలస్యమైతే కసిరేవారు.

ఒకరోజు ఆస్పత్రి ఘట్టం వచ్చింది. పుట్టిన బిడ్డ గురించి డాక్టరు చిట్టి తల్లికి చెబుతుంటాడు. తండ్రి అటు తిరిగి, గోడ మీద ‘చెప్పులు బయట విడువుము’ అన్న బోర్డుని పదేపదే చదువుకుంటూ నిలబడతాడు. నూర్జహాన్ చదవడం ఆపేసింది.

“మా ఆయన కూడా అంతేనండీ,” అంది. “తిరగని ఫ్యాన్‌కేసి చూస్తా నిలబడ్డారు. ఈయనకెలా తెలిసింది?”

అప్పుడు నాకు మొదటిసారి ఒళ్ళు జలదరించింది. నాలో ఇంత ఉందని నాకే తెలీదు. సోమనాథం గారు ఊహించి రాసిన ఆ ఒక్క పేజీ వీళ్ళందరి ఇళ్ళలోనూ నిజంగా జరిగింది. సుభాషిణి దారం పంటితో కొరికి, తలవంచుకుని మరో హుక్కు కుట్టింది. ఆమె భర్త కూడా అలా అటు తిరిగి నిలబడినవాడే. కూతురు హైమకి ఏడాది నిండకముందే వెళ్ళిపోయాడు, ఇప్పుడు వేరే ఊళ్ళో వేరే సంసారం ఉంది. తల్లీ కూతుళ్ళు ఇద్దరే.

ఆఖరి అధ్యాయం చదివిన రోజు మాత్రం ఏం చెప్పమంటారు! చిట్టి నవ్వుతూ కన్నుమూసింది, తల్లీ తండ్రీ ఒక్కటయ్యారు. నూర్జహాన్ కళ్ళు తుడుచుకుంది. నేను గర్వంగా మూసుకోబోతున్నాను. అంతలో సుభాషిణి చేతిలో జాకెట్టు విసిరికొట్టింది.

“వాళ్ళ కాపురం బాగుపడ్డానికి మన పిల్లలు చావాలాండీ? బతికున్న పిల్లతో కథ నడవదా ఈ పెద్దమనిషికి?”

“నాకు మాత్రం ఆ చివరే నచ్చింది,” అన్నాడు గంగాధరం.

అందరూ అతనికేసి తిరిగారు. అతను ఎవరి మొహమూ చూడలేదు.

“తిట్టుకోండి. నేను రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేది అదే. మావాడు నాకన్నా ఒక్కరోజు ముందు పోవాలి. నేను పోయాక వాడికి అన్నం కలిపి పెట్టేదెవరు? ఊరందరికీ పాలసీలు కట్టించాను. నా కొడుక్కి మాత్రం ఏ పాలసీ ఉంది చెప్పండి?”

ఒక్కరూ తిట్టలేదు. తిట్టగలిగినవాళ్ళు ఆ వరండాలో లేరని వాళ్ళ మొహాలు చూస్తే నాకు తెలిసింది. సుభాషిణి వంగి, విసిరేసిన జాకెట్టు తీసి దులుపుకుంది.

సరిగ్గా అప్పుడే పాఠం అయిపోయి పిల్లలు బయటికొచ్చారు. అందరిలోకీ పెద్దది హైమ. ఇరవై ఏళ్ళు ఉంటాయి. చదవడం ఆలస్యంగా పట్టుబడింది. దుకాణాల బోర్డులు, బట్టల సంచుల మీద పేర్లు, సబ్బుపెట్టెలు, ఏది దొరికితే అది చదివేసే ఆకలి మీదుంది. నా అట్ట మీద బొమ్మ చూసి గబుక్కున లాక్కుంది.

“ఇది నేను చదువుతా.”

“అది పెద్దవాళ్ళ పుస్తకమమ్మా,” అంది తల్లి.

“నేను పెద్దే,” అని హైమ నన్ను చున్నీ కింద పెట్టేసుకుంది. ఇక ఇవ్వదు. ఆ మొండితనం చూస్తే నాలోని చిట్టి నివ్వెరపోయి ఉంటుంది.

సుభాషిణి నూర్జహాన్‌ని పక్కకి లాగింది. “ఇప్పుడేం చెయ్యనండీ?” అని ఆమె చెవిలో గొణిగింది. “నీలాంటి పిల్ల చచ్చిపోతేనే ఇంట్లో అందరూ బాగుపడ్డారని అది చదివితే, నేనేం చెప్పను దానికి?”

ఆ సాయంత్రం హైమ స్నానానికి వెళ్ళగానే సుభాషిణి నన్ను ఒళ్ళో పెట్టుకుని సూదిలో దారం ఎక్కించింది. కాగితం చింపడం చేతకాదు ఆమెకి, సరస్వతి కదా. అందుకని ఆఖరి అధ్యాయం పేజీలన్నీ కలిపి, అంచు వెంబడే కుట్టేసింది. పట్టు జాకెట్టుకి హెమ్మింగ్ వేసినంత ముద్దుగా వేసింది కుట్లు. సూది దిగిన ప్రతిసారీ ప్రాణం విలవిల్లాడింది నాకు. అవార్డుల వడపోతలో కూడా నన్నెవరూ ఇలా పొడవలేదు! కానీ కుట్టు కుట్టుకీ ఆమె బాత్‌రూమ్ తలుపుకేసి చూస్తుంటే నేనేం కోప్పడను?

తర్వాత నాకు జరిగినదాన్ని ఏమని చెప్పాలో ఇప్పటికీ తెలీదు.

హైమ నన్ను చదవడం మొదలుపెట్టింది. అక్షరం కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, కూడబలుక్కుంటూ. పొట్టి వేలు, మెత్తటి వేలు. ఒక వాక్యం పూర్తవడానికి ఎంతసేపు పడితే అంతసేపు అక్కడే ఉండేది ఆ వేలు. ఇంతకుముందు నన్ను చదివినవాళ్ళ చూపులు నా మీద నుంచి జారిపోయేవి. ఈ పిల్ల నా ప్రతి ఒత్తునీ, ప్రతి సున్నానీ తడిమింది. నేను ఎవరి గురించైతే పుట్టానో ఆ మనిషి నన్ను చదువుతోంది! ఇలాంటిది జరగొచ్చని నన్ను రాసినాయనకి తోచలేదు, అచ్చేసినవాళ్ళకి తోచలేదు, నాకూ తోచలేదు. చిట్టి గురించి అందరికీ చెప్పాలనుకున్నాం గానీ, చిట్టికి చెబుతున్నామని ఎవరమూ అనుకోలేదు. ఊపిరి బిగబట్టుకుని తెరుచుకునేదాన్ని రోజూ.

‘చిట్టికి కోపమంటే తెలియదు’ దగ్గర హైమ పకపకా నవ్వి, “అమ్మా, అబద్ధం రాశారు!” అని కేకేసింది. చిట్టి తన పళ్ళెంలో అన్నమంతా వీధికుక్కకి పెట్టేసిన చోట వేలు ఆపి, చాలాసేపు ఆలోచించి, “మరి చిట్టి ఏం తింది?” అని అడిగింది. వ్యాసాలు రాసినవాళ్ళలో ఒక్కరైనా ఆ ప్రశ్న అడగలేదు. నిజంగానే చిట్టి ఏం తిందో నాలో ఎక్కడా లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఒక మధ్యాహ్నం కుట్టేసిన పేజీల దగ్గరికి వచ్చేసింది. సుభాషిణి మిషను మీద ఉంది.

“అమ్మా, ఇక్కడ కుట్టేసుంది.”

“అక్కడితో కథ అయిపోయిందమ్మా. వెనకాల అచ్చు సరిగా పడలేదు.”

హైమ నన్ను పక్కకి తిప్పి, కుట్ల సందులోంచి ఒంటికన్నుతో చూసింది. “అయిపోలేదు. ఇంకా ఉంది,” అంది తనలో తనే.

కంగారులో సుభాషిణి ఒక్క సంగతి మరిచిపోయింది. సరిచెయ్యడానికి వచ్చిన జాకెట్ల పాత కుట్లు విప్పే పని ఆ ఇంట్లో హైమది. బట్ట చిరగకుండా, దారప్పోగు మిగలకుండా విప్పడంలో తల్లి కూడా దానికి సాటిరాదు. సూది మొనతో ఒక్కో కుట్టూ లేపడం, కత్తెర మొనతో తెంపడం. నాకు నొప్పే తెలియలేదు. నేల మీద దారపు ముక్కలు చూసి సుభాషిణి మిషను ఆపింది. ఒక్క అంగలో వచ్చి చెయ్యి చాపింది.

“ఉండమ్మా, లాగితే చిరిగిపోద్ది,” అంది హైమ తలెత్తకుండానే.

చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. ఏమనుకుందో ఏమో, సుభాషిణి వెనక్కి తగ్గి మిషను బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

హైమ పైకే చదివింది. కొన్ని మాటలు ముద్దగా వచ్చాయి, కొన్ని రెండుసార్లు చదివింది. చిట్టికి జ్వరం వచ్చింది. చిట్టి నవ్వింది. చిట్టి కళ్ళు మూసుకుంది. తండ్రి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆ ఇంట్లో ఇద్దరూ మళ్ళీ ఒక్కటయ్యారు. సోమనాథం గారు ఏడుస్తూ రాసిన ఆ వాక్యాలు ఆ నోట్లోంచి ఒక్కొక్కటే వస్తుంటే, అవి నావి కాకపోతే బాగుండుననిపించింది.

“చిట్టి చచ్చిపోయింది,” అంది హైమ.

“అవునమ్మా.”

“అప్పుడు వాళ్ళ నాన్న వచ్చేశాడు.”

హైమ వేలు ఇంకా ఆ వాక్యం మీదే ఉంది.

“అమ్మా, నేను చచ్చిపోతే మన నాన్న వస్తాడా?”

తల్లి భయపడింది ఈ ప్రశ్నకి కాదు. ఇది ఆమె ఊహకి కూడా అందలేదు. నాకూ అందలేదు. నా పేజీల్లోంచి పుట్టిన ప్రశ్న అది, అంత ముద్దుగా, అమ్మకి ఏదో సాయం చేద్దామన్నట్టు అడిగింది ఆ పిల్ల. నిప్పుంటే నన్ను నేనే అంటించుకుందును.

సుభాషిణి నేల మీద కూలబడి, కూతురి మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుంది.

“రాడు. రావద్దు కూడా. నాకు ఆయన అక్కర్లేదే హైమా, నువ్వు కావాలి. నువ్వుండాలి. నేనున్నన్నాళ్ళూ ఉండాలి, నేను పోయాక కూడా నువ్వుండాలి.”

ఆ చివరి మాట అనేశాక తనే ఉలిక్కిపడింది. గంగాధరం మొక్కే మొక్కు ఆమె కూడా మొక్కుతూ ఉండేదని నాకు అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళ మొక్కు ఒక్క మాటతో తిప్పేసుకుంది. కన్నీళ్ళు తుడుచుకోవడం కూడా తోచక కూతురినే చూస్తూ ఉంది.

హైమ తన చున్నీతో తల్లి కళ్ళు తుడిచింది.

“ఉండమంటావా?”

“ఉండు తల్లీ.”

“సరే అయితే. ఉంటాలే,” అంది హైమ, పక్కింటివాళ్ళు బతిమాలితే భోజనానికి ఒప్పుకున్నంత తేలిగ్గా. ఆకలేస్తోందని లేచి వంటింట్లోకి వెళ్ళింది.

నేను నేల మీద తెరుచుకునే ఉన్నాను. ఎంత గొప్ప మాట విన్నానో నా కాగితాలకి తెలుస్తోంది. ఆ మాట పక్కన నా ఆఖరి అధ్యాయం వెలవెలబోయింది.

ఇప్పుడు నేను ఆ వరండాలోనే, నీళ్ళ కూజా పక్కన గూట్లో ఉంటున్నాను. అట్ట ఊడొచ్చింది. సోమనాథం గారి రెండో నవల వచ్చిందని విన్నాను, రానివ్వండి. ఆమధ్య నెలల బిడ్డని ఒళ్ళో వేసుకుని ఒక కొత్త తల్లి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నన్ను చేతిలోకి తీసుకుని, బొమ్మ చూసి, “ఇది మనలాంటి పిల్లల కథేనాండీ? చివరికి ఆ పాపకి ఏమవుతుంది?” అని అడిగింది.

నూర్జహాన్ గంగాధరం వైపు చూసింది. గంగాధరం తన చెప్పుల వైపు చూసుకున్నాడు. సుభాషిణి సూది జాకెట్టులోనే ఆగిపోయింది.

లోపల్నుంచి వస్తున్న హైమ గుమ్మంలోనే జవాబు చెప్పేసింది.

“చిట్టికి జ్వరం వచ్చింది. వాళ్ళమ్మ ఉండమంది. చిట్టి ఉండిపోయింది.”

కొత్త తల్లి బిడ్డని గుండెకి హత్తుకుంది. గంగాధరం తల తిప్పుకుని, లోపల పాట పాడుతున్న విహారి గొంతు వింటూ కూర్చున్నాడు. నాలో అచ్చయింది వేరే అని అక్కడున్నవాళ్ళందరికీ తెలుసు, ఒక్కరూ కాదనలేదు. నేనూ కాదనను. నా కథ నాకన్నా హైమకే బాగా తెలుసు.